మిరపకాయకు డోరు నంబరు

గోగులపాడు బుల్లబ్బాయిరాజుగారి ఎర్ర కారు గంటకు రెండువందల నలభై కిలోమీటర్లు పోగలదు. పోలేదు. కొని పదకొండేళ్లయినా ముప్పై అయిదు దాటిన పాపాన పోలేదు.

అందులో కారు తప్పేమీ లేదు. కొన్న ఏడాది తన చెరువుల్లో రొయ్యకు ఏ తెగులూ తగలకపోవడంతో, నేలను ముద్దు పెట్టుకుంటున్నట్టుండే ఆ రెండు సీట్ల బండిని రాజుగారు ముచ్చటపడి తెచ్చుకున్నారు. ఊరు దానికి మిరపకాయ అని పేరు పెట్టింది. తీరా తెచ్చాక, దాన్ని నడపడానికి ఉన్నదల్లా కాలవగట్టు రోడ్డు. ఇంటి దగ్గర్నుంచి, కాలవకు అడ్డంగా తలుపులున్న లాకుల దాకా నాలుగు కిలోమీటర్లు. ఆ నాలుగు కిలోమీటర్లలో ఇరవై మూడు స్పీడు బ్రేకర్లు.

గోగులపాడులో స్పీడు బ్రేకరంటే ప్రమాదాలు ఆపేది కాదు, పెద్దరికం. పెద్దింటి గుమ్మం ముందు బ్రేకరు ఉండి తీరాలి. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా ముందు పెంకులు, పెరడు చూడరు, గుమ్మం ముందు తమ కారు ఎంత ఎత్తున ఎగిరిందో చూస్తారు. బుల్లబ్బాయిరాజుగారు కారు కొన్న వారంలోనే, దారినపోయేవాళ్లు నెమ్మదించి తన కారుకేసి చూస్తారని, ఊళ్లోకెల్లా ఎత్తయిన బ్రేకరు తన గుమ్మం ముందే వేయించారు. దాని మీద మొదట కడుపు గీరుకున్నది ఆయన కారే. అప్పట్నించీ రోజూ రెండు చెక్కలు పరిచి, ఐమూలగా దాటిస్తున్నారు. బ్రేకరు తీయించెయ్యొచ్చు కదా అంటారా? పరువు మాటేమిటండీ!

రోజూ సాయంత్రం అయిదున్నరకు ఆయనా, భార్య చంద్రావతీ కారెక్కి లాకుల దాకా పోతారు. అక్కడ వేడివేడి పునుగులు తిని తిరిగొస్తారు. పోను రాను ముప్పావుగంట. ఈ ముప్పావుగంట ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఆ ఇల్లు చూడాలి. ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ల సంసారాలు, మేనత్తలు, వచ్చి వెళ్లడం మరిచిపోయిన చుట్టాలు, మొత్తం పదహారు మంది. అక్కడ మొగుడు పెళ్లాం ఒక మాట అనుకోవాలంటే పదహారు మందికీ వినపడేలా అనుకోవాల్సిందే. కారు కొత్తలో అందరూ "మేమూ వస్తాం" అని బయల్దేరారు.

"రెండే సీట్లు కదండీ మరి, ఏం చేస్తాం" అన్నారు రాజుగారు, ఎంతో బాధపడుతున్నట్టు.

అలాంటి మనిషికి ఈ మధ్య బుద్ధి పెడదారి పట్టింది. పక్క ఊరి చెరువుల సూరపరాజు రెండువందల ఎనభై పోయే కారు కొన్నాడని తెలిసినప్పటి నుంచి ఆయనకు అన్నం సహించడం మానేసింది. అదే సమయానికి కార్ల షోరూము నుంచి కిరీటి అనే సేల్సు కుర్రాడు ఫోను చేశాడు.

"రాజుగారూ, మూడొందల ఇరవైది వచ్చిందండి. సున్నా నుంచి వందకి మూడు సెకన్లు. మీ పాతది మాకిచ్చెయ్యండి, ఇది పట్టుకెళ్లిపోండి. ఎక్స్ఛేంజి మేళా అండి."

రాజుగారు వెళ్లి అందులో కూర్చున్నారు. ఇంజను చప్పుడు వీపులోంచి గుండెల్లోకి వెళ్లింది. ఇంటికొచ్చి మిరపకాయ బానెట్టు మీద చెయ్యి వేస్తే ఆయనకు ఎందుకో తలెత్తుకోబుద్ధి కాలేదు. అది వాన చినుకులో తడుస్తోందని తన తువ్వాలు తీసి తుడిచారు.

"ఏవంటావు చంద్రావతీ? మార్చేద్దామా?"

"మీ ఇష్టమండి" అంది చంద్రావతి, చిక్కుడుకాయల నార తీస్తూ. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆవిడ "మీ ఇష్టమండి" అన్నప్పుడల్లా అది ఆవిడకి ఇష్టం లేదనే అర్థం. ఆ సంగతి రాజుగారికి తెలుసు. తెలియనట్టు ఊరుకున్నారు.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి వేగం మీద ప్రేమ పుట్టింది. వేగ వినియోగ చట్టమని ఒకటి వచ్చింది. "వేగము జాతి సంపద. ఒకరు వాడక మురగబెట్టు వేగము, మరొకరికి అందని వేగమగును" అని దాని మొదటి వాక్యం. గంటకు రెండువందలు మించి పోగల కారును ఇచ్చి అంతకు మించిన కారు పుచ్చుకోవాలంటే, పాత కారు వేగమంతా సక్రమంగా వాడినట్టు ధ్రువీకరణ పత్రం కావాలన్నారు. అందుకు ప్రతి జిల్లాకూ ఒక వేగ వినియోగ మండలి, ఒక వేగాధికారి. మన జిల్లా వేగాధికారి భమిడి సర్వోత్తమరావుగారు. ఆయన రోజూ ఆఫీసుకి సైకిలు మీద వస్తారు. అదీ తొక్కరు, నడిపించుకుంటూ వస్తారు.

రాజుగారు దరఖాస్తు పట్టుకుని వెళ్లారు. సర్వోత్తమరావుగారు కళ్లజోడు సవరించుకున్నారు.

"వాహనమునకు మంజూరైన వేగము?"

"రెండొందల నలభై అండి."

"తమరు ఇంతవరకు వినియోగించినది?"

"ముప్పై... మహా అయితే ముప్పై అయిదండి."

సర్వోత్తమరావుగారు కలం కింద పెట్టారు. పక్క బల్ల దగ్గర గుమాస్తా కూడా కలం కింద పెట్టాడు.

"అనగా రెండువందల అయిదు కిలోమీటర్ల వేగమును పదకొండు సంవత్సరములుగా షెడ్డులో మూలుగబెట్టియున్నారు!"

"రోడ్డు అలాంటిదండి."

"ఇచ్చిన వేగమునే వినియోగించలేని వారికి అదనపు వేగము ఏ ప్రాతిపదికన మంజూరు చేయగలము? ముప్పది దినములలోగా మిగులు వేగమును వినియోగించి నివేదిక సమర్పించవలెను. లేనిచో వాహనమును ప్రభుత్వము స్వాధీనపరచుకొనును."

వచ్చింది కొత్త కారు కోసం. పోయేట్టున్నది పాత కారు.

"అది కాదండీ బాబూ, కాలవగట్టు మీద నలభై దాటితే పోలీసులు పట్టుకుంటారు కదండీ!"

"వేగపరిమితి పోలీసు శాఖ వారి పరిధి. వేగ వినియోగము మా పరిధి. ఒకరి పరిధిలో ఒకరము తలదూర్చము."

"అయితే మార్పిడీ వద్దు, ఏవీ వద్దండి. నా దరఖాస్తు నాకిచ్చేయండి, పోతాను."

"దరఖాస్తు స్వీకరించబడినది" అన్నారు సర్వోత్తమరావుగారు, చావు కబురు చెప్పినంత మెల్లిగా. "స్వీకరించబడినది తిరిగి ఇవ్వబడదు."

మూడో రోజున వేగాధికారిగారు గుమాస్తాతోనూ టేపుతోనూ కాలవగట్టు తనిఖీకి వచ్చారు. జీపు ఇరవై మూడు సార్లు ఎగిరింది. పదిహేడో ఎగురుడుకి గుమాస్తా టోపీ కాలవలో పడింది. లాకుల దగ్గర దిగి సర్వోత్తమరావుగారు నడుం పట్టుకుని చాలాసేపు నీళ్లకేసి చూశారు.

"ఈ ఎత్తులు తొలగించవలెను."

ఆ మాట అనడమే పాపం, సాయంత్రానికల్లా ఇరవై రెండు ఇళ్లవాళ్లు పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్నారు. మా తాత పేరు మీద వేయించిన బ్రేకరని ఒకరు, మా అమ్మాయి పెళ్లి కుదిరేదాకా ముట్టుకోవద్దని ఒకరు. ఇరవై మూడో ఇల్లు బుల్లబ్బాయిరాజుగారిది. ఆయన ఎటు కూర్చోవాలో తెలియక ఇంట్లోనే కూర్చున్నారు. సర్వోత్తమరావుగారు చట్టం తీసి మొదట్నించీ చివరిదాకా మళ్లీ చదివి, నాలుగో రోజు ముఖం వెలిగిపోతుండగా రాజుగారిని పిలిపించారు.

"వేగమును ఏకమొత్తముగా వినియోగించవలెనని ఎచ్చటను లేదు! విడతలవారీగా వినియోగించవచ్చును."

"అంటే ఏవిటండీ?"

"గంటకు ముప్పది చొప్పున ఆరు పర్యాయములు. నూట ఎనుబది. ఏడవ పర్యాయము ఇరువది అయిదు. మొత్తము రెండువందల అయిదు. ఏడవ విడత ఇరువది అయిదుకు మించరాదు సుమా. మించినచో మంజూరు కాని వేగము వాడినట్లగును."

కారు దక్కుతుందన్న ఆశతో రాజుగారు సరేనని తలూపారు.

శనివారం పొద్దున్నే విడతలు మొదలయ్యాయి. గుమాస్తా లాకుల దగ్గర స్టూలేసుకుని కూర్చున్నాడు. చంద్రావతి పక్క సీట్లో మరచెంబుతో నీళ్లు, మామిడి తాండ్ర పెట్టుకుని కూర్చుంది. రోజూ ముప్పావుగంట దొరికే మనుషులకు ఒక్కసారిగా రోజంతా దొరికింది. మొదటి రెండు విడతలూ ఇంట్లో వాళ్ల సంగతులతో సరిపోయాయి. మూడో విడతలో ఇద్దరూ మామిడి తాండ్ర తిన్నారు. నాలుగో విడతలో చంద్రావతి ఉన్నట్టుండి అడిగింది.

"ఆ కొత్త కారులో లాకుల దాకా ఎంతసేపండీ?"

"రోడ్డు బావుంటే నిమిషం కూడా పట్టదంటున్నాడు కిరీటి."

"రావడానికో?"

"ఇంకో నిమిషం."

"అయితే ఏం మాట్లాడుకోవాలో ముందే కాగితం మీద రాసుకుని ఎక్కాలండి."

రాజుగారు గట్టిగా నవ్వబోయి, ఆవిడ నవ్వడం లేదని చూసి ఆగిపోయారు. ఆరో విడతలో ఆవిడే మళ్లీ మొదలుపెట్టింది. నిష్ఠూరమేమీ లేదు గొంతులో.

"పెళ్లయిన కొత్తలో మీరొక మాటన్నారు, గుర్తుందా? చిన్న తమ్ముడి పెళ్లయ్యాక మనకంటూ విడిగా రెండు గదులేసుకుందాం అన్నారు."

గుర్తుంది రాజుగారికి. చిన్న తమ్ముడి పెళ్లయింది. వాడి పిల్లలు హైస్కూలుకొచ్చారు. రెండు గదులు మాత్రం రాలేదు. ఏదో ఒకటి అడ్డం వస్తూనే ఉంది, ఆఖరికి ఈ కారు కూడా. ఆయనకు తన మీద తనకే కోపమొచ్చింది. ఏడో విడత ఇరవై అయిదు దాటకూడదు కనుక ఇరవైలోనే పోనిచ్చారు. గుమాస్తా అయిదు తక్కువైందని మళ్లీ తిప్పించాడు.

సోమవారం పత్రం వచ్చింది. రాజముద్ర, మూడు సంతకాలు, నీలిరంగు స్టాంపు. "వాహనమునకు మంజూరైన వేగము: 240. వినియోగించబడినది: 240. శేషము: శూన్యము."

రాజుగారు పత్రాన్ని కళ్లకద్దుకున్నారు. ఆ సంబరం బుధవారం దాకా ఉంది. బుధవారం రెండో కాగితం వచ్చింది. అది పట్టుకుని ఆయన పరుగున వేగాధికారి దగ్గరికి వెళ్లారు.

"ఇదేవిటండీ? నా కారు కారు కాదంటారేవిటి?"

"పత్రము చదివితిరా? వేగశేషము శూన్యము. శూన్య వేగము గలది కదలజాలదు. కదలజాలనిది వాహనము కాదు. వాహనము కాక, తలుపులు, కిటికీలు, పైకప్పు కలిగి, మనుష్యులు కూర్చొనుటకు వీలై, కదలక ఒకేచోట ఉండునది ఏమిటి? తమరే చెప్పండి."

"ఏవిటండీ?"

"గృహము" అన్నారు సర్వోత్తమరావుగారు, ఎంతో దయగా. "తదుపరి చర్యకై పంచాయతీ వారికి పంపియున్నాము."

రాజుగారు కిరీటికి ఫోను చేశారు. జరిగిందంతా చెప్పారు.

"సార్, మేం కార్లయితే మార్చుకుంటామండి. ఇళ్లు మార్చుకోమండి. అయినా తమరు కంగారు పడకండి, దారి లేకపోలేదు. పాత ఇల్లు కూలగొట్టడానికి అభ్యంతరం లేదని సంతకం పెట్టెయ్యండి. కూలగొట్టేస్తే ఇంక లేనట్టే కదండీ! కొత్తదానికి పర్మిట్టు వచ్చేస్తుందంట. మేళా శుక్రవారం అయిదింటికి ఆఖరండి."

కూల్చివేత సమ్మతి పత్రం కూడా వేగాధికారి ఆఫీసులోనే దొరికింది. రాజముద్రతో అచ్చు వేయించి కట్టలు కట్టి పెట్టుకున్నారు.

గురువారం పంచాయతీ కార్యదర్శి రంగు డబ్బాతో వచ్చాడు. పదహారు మందీ వసారాలో నిలబడి చూస్తుండగా షెడ్డులోకి వెళ్లి, మిరపకాయ ఎడమ తలుపు మీద తెల్లరంగుతో 4-37/2 అని గుండ్రంగా వేశాడు. తర్వాత చుట్టూ తిరిగి రిజిస్టర్లో రాసుకుంటూ పైకి చదివాడు.

"గదులు ఒకటి. తలుపులు రెండు. కిటికీలు రెండు. పైకప్పు మడతపెట్టదగినది. నివసించువారు ఇద్దరు." కాస్త ఆగి, "ఇద్దరికి మించి నివసించుటకు వీలులేదు" అని కూడా రాశాడు. "ఇంటి యజమాని ఎవరండీ?"

రాజుగారు నోరు తెరవకముందే ఆయన వదినగారు నవ్వాపుకోలేక, "చంద్రావతి పేరు రాసుకోవయ్యా, ఎప్పుడూ అందులోనే ఉంటుంది" అంది. వసారా అంతా గొల్లుమంది. కార్యదర్శి అలాగే రాసేశాడు. చంద్రావతి మాత్రం నవ్వలేదు. తడి ఆరని ఆ నంబరుకేసి చూస్తూ ఉండిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం నాలుగైంది. రాజుగారు సమ్మతి పత్రం, కలం పట్టుకుని షెడ్డుకు బయల్దేరారు. ఒక పక్క మూడు వందల ఇరవై. ఇంకో పక్క, కాగితం ప్రకారం అడుగు కదలని, ఎవరూ కొనని, నంబరు వేసిన ఎర్ర డబ్బా. బుద్ధున్నవాడెవడైనా సంతకం పెడతాడు. ఆఖరిసారిగా బానెట్టు మీదే పెట్టుకుని సంతకం చేద్దాం, దానికి చెప్పినట్టూ ఉంటుంది అనుకున్నారు పాపం.

షెడ్డు ముందు ఆయన కాళ్లు ఆగిపోయాయి.

కారు రెండు అద్దాలకీ కలిపి మామిడాకుల తోరణం కట్టి ఉంది. తలుపు కింది పట్టీకి పసుపు రాసి బొట్లు పెట్టి ఉన్నాయి. ముందు చిన్న ముగ్గు. ముగ్గు పక్కన కిరసనాయిలు స్టవ్వు. స్టవ్వు మీద కొత్త ఇత్తడి గిన్నెలో పాలు. దాని ముందు గొంతుక్కూర్చుని చంద్రావతి. పెట్టెలో ఎప్పుడూ అడుగున ఉండే ఉల్లిపొర రంగు పట్టుచీర కట్టుకుని ఉంది.

"ఏవిటిది చంద్రావతీ?"

"పాలు పొంగిస్తున్నానండి. నంబరు వేశారు కదా."

ఎగతాళికి అంటోందేమోనని రాజుగారు ఆవిడ ముఖంలోకి చూశారు. సగం ఎగతాళే. మిగతా సగం చూసేసరికి ఆయన కలం తీసి జేబులో పెట్టేసుకున్నారు.

"ఇరవై రెండేళ్లకి గవర్నమెంటు వాళ్లు ఇచ్చారండి, మీరివ్వలేదు గానీ" అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. "ఒక గదే అనుకోండి. ఒకటి చాల్దా? అయ్యో, పొంగుతున్నాయి, పొంగుతున్నాయి! గుడ్డ, గుడ్డ ఏదండీ?"

గుడ్డ లేదు. రాజుగారి చేతిలో ఉన్నది ఒక్క కాగితమే. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి, గిన్నె అంచు పట్టుకుని దింపారు. రాజముద్ర మీద పాలు పొంగి కారాయి. అయిదు గంటలకు కిరీటి ఫోను మోగింది. మోగి మోగి ఊరుకుంది.

అయిదున్నరకు ఇద్దరూ కారెక్కారు. చెక్కలు పరిచి, తమ బ్రేకరు తాము ఐమూలగా దాటి, కాలవగట్టు ఎక్కారు. మూడో బ్రేకరు దగ్గర కానిస్టేబుల్ ఏసుపాదం చెయ్యి అడ్డం పెట్టాడు.

"రాజుగారూ, ఏవీ అనుకోకండి. ఇది ఇల్లని మాకు కాగితమొచ్చిందండి. ఇల్లు రోడ్డు మీద తిరక్కూడదు కదండీ మరి?"

"ఆ కాగితం పంపినవాళ్లనే అడుగు ఏసుపాదం."

ఏసుపాదం వేగాధికారిగారికే ఫోను కొట్టాడు. అవతలి గొంతు కారులోకి కూడా వినపడింది.

"4-37/2 కదలజాలదు."

"కదుల్తోందండి బాబూ, నా కళ్లెదురుగానే ఉంది!"

"రికార్డు ప్రకారము కదలజాలదు. కదలనిదానిని కదులుచున్నదని ఆపుటకు నీకు అధికారము లేదు. నేను సంతకము చేసియున్నాను."

ఏసుపాదం ఫోను జేబులో పెట్టుకుని, రూల్సు పుస్తకం తీసి, వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పాడు. లారీలకు ఇంత, ఆటోలకు ఇంత, ట్రాక్టర్లకు ఇంత, ఎడ్లబండికి కూడా ఏదో రాసుంది. ఇళ్లకు ఏమీ లేదు.

"ఇళ్లకి వేగపరిమితి లేదండీ రాజుగారూ" అన్నాడు చివరికి, సెల్యూటు కొట్టి. "తమరు ఎంతలో పోయినా అడిగేవాడు లేడండి."

రాజుగారు ఎదుటి రోడ్డుకేసి చూశారు. పదకొండేళ్లుగా ఎదురుచూసిన మాట అది. రెండువందల నలభై కాదు, సూరపరాజు రెండువందల ఎనభై కూడా ఇప్పుడు ఆయన్ని ఏమీ చెయ్యలేదు. కాలు కింద ఇంజను గుర్రుమంది, కారు కదిలింది. లాకుల దాకా ఇంకా ఇరవై బ్రేకర్లున్నాయి, అది వేరే సంగతి.

చంద్రావతి కిటికీ అద్దం కిందికి దించి, వెనక్కి తిరిగి, పదహారు మంది ఉన్న పెద్దింటి పెంకులు చెట్ల మాటుకు పోయేదాకా చూసింది. తర్వాత ముందుకు తిరిగి, పట్టుచీర కొంగు సర్దుకుని కుదురుగా కూర్చుంది.

"తొందరేవుందండీ" అంది. "ఇంట్లోనే ఉన్నాం కదా."

రాజుగారు గేరు తగ్గించారు.